నాలుగు గోడల నడుమ

హయత్ బక్షీ బేగము పేర వెలసి, ఆమె పేరిటి మసీదును, హాథీ బావడి యను పెద్ద బావిని, విజయవాడ రహదారి మీద అహోరాత్రములు మ్రోగెడు లారీల హారనులను గలిగియున్న మా హయత్‌నగరములో క్రికెట్టునకు ఖాళీ ప్లాట్లును, కబడ్డీకి బడి మైదానమును కొఱతపడలేదు గాని, 9.75 మీటర్ల పొడవును 6.4 మీటర్ల వెడల్పును గల స్క్వాష్ కోర్టు మాత్రము మా యింటి చుట్టుపట్ల మచ్చునకైనను లేదు. లేని ఆట మీదనే మనసు పుట్టుట నా జాతకవిశేషము.

ఈ క్రీడలో ప్రత్యర్థు లిరువురును ఎదురెదురుగా గాక, పక్కపక్కన నిలిచి ఒకే గోడకు బంతిని మోదుదురని మా నాయనమ్మకు విన్నవించినప్పుడు, ఆమె చాలసేపు నా ముఖము వంక చూచి, “మనిషి పక్కకే ఉండంగ గోడను కొట్టుడేందిరా?” అని ప్రశ్నించెను. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులోని హ్యారో పాఠశాలలో ఈ యాటకు రూపము దిద్దిన బాలురను గూడ వారి నాయనమ్మ లిట్లే యడిగియుందురని నా నమ్మకము.

పగలు తరగతులును, సాయంకాలము రికార్డు వ్రాతలును నన్ను వదలకుండుటచే, ఘోస్టింగు అను సాధనను రాత్రి భోజనానంతరము డాబా మీద సాగించుచుంటిని. బంతి లేకయే రాకెట్టు చేబూని, కోర్టు నడిమి ‘టీ’ గీతల కడ నుండి ఆరు దిక్కులకు దూకి, లేని బంతిని కొట్టి, వెనుకడుగులు వేయుచు మరల టీ కడకు చేరుట దాని లక్షణము. ఒక అమావాస్య నాటి రాత్రి ఆరవేసిన బట్టలు తీయవచ్చిన నాయనమ్మ, చీకటిలో మనుమడు వగర్చుచు, శూన్యమును బాదుచు, మూలమూలలకు ఉరుకుచుండుట కన్నులార గాంచి, ఒక్క మాటైన ననక మెట్లు దిగిపోయి, మరునాడు నా దండకు తాయెత్తు కట్టించెను. ఆ వారమే నా బ్యాక్‌హ్యాండు కొంత చక్కబడుటచే, ఆ తాయెత్తును నేటికిని విప్పనిచ్చుటలేదు.

కొట్టిన ప్రతి దెబ్బకు పిదప టీ కడకు మరలి రావలెననునది ఈ యాటలో పరమసూత్రము. అచట నిలిచినవానికి ఏ మూలయు మరీ దూరము గాదు. నా విద్యార్థి జీవితమునకు అట్టి టీ ఎల్బీనగర్ చౌరస్తా. ఇల్లొక మూల, విశ్వవిద్యాలయ మింకొక మూల, కోర్టు నగరమునకు పడమటి కొసన. మియాపూరు నుండి వచ్చు మెట్రో రైలు ఎల్బీనగర్ చేరి అలసి ఆగిపోవును. అచటి నుండి మా యూరికి సుమారు ఏడు కిలోమీటర్ల పొడిగింపు రెండవ దశ ప్రణాళికలో నున్నది గాని, ప్రణాళిక నెక్కి యిల్లు చేరుట మానవులకు సాధ్యము గాదు. కావున బస్సు కొఱకు నిలిచిన కాలములో థర్మోడైనమిక్సు పూర్వభాగమును, బస్సులో నిలిచిన కాలములో ఉత్తరభాగమును పఠించితిని. హాజరు 75 శాతమునకు తగ్గినచో కండొనేషను రుసుము కట్టవలెను గనుక, రాకెట్ల తీగెలకై దాచిన సొమ్ము తఱచుగా ఆ దారినే పోవుచుండెను.

మా బాబాయి పత్రికాపఠనమునందు దిట్ట. హార్వర్డులో ఇంజనీరింగు చదివి 2014లో పట్టా పుచ్చుకొని, పిమ్మట ప్రపంచమున అగ్రస్థానమునకెక్కిన ఈజిప్టు వీరుడు అలీ ఫరాగును ఆయన నాకు నిత్యము నైవేద్యముగా పెట్టును. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలయందు మన పురుషుల జట్టు పాకిస్థానును ఓడించి స్వర్ణము గెలిచినది మొదలు, 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్సులో స్క్వాషునకు చోటు దొరికినదని తెలిసినది మొదలు, ఆయన యుత్సాహము నా సాధన కంటె వేగముగా వర్ధిల్లెను. ఫరాగు తన కోర్టునకు పోవుటకై సాయంకాలపు వేళ దిల్‌సుఖ్‌నగర్ దాటనక్కఱ లేకుండెనను సంగతి మాత్రము ఆయన లెక్కలోనికి రాదు.

గత సెమిస్టరున ఒక పోటీలో సెమీఫైనలు ఉదయమునను, ఫైనలు మధ్యాహ్నము రెండింటికిని నిర్ణయింపబడెను. నా పరీక్షయు ఆ రెండింటికే. బంతి చల్లగా నున్నంతవఱకు ఎగురదు గనుక దానిని గోడకు మోది వేడెక్కించుచుండగా, నా ప్రత్యర్థి మెల్లగా, “అన్నా, నాకు రెండింటికి ఎగ్జామ్ ఉంది” అనెను. “నాక్కూడా” అంటిని. అటుపిమ్మట జరిగినంత వేగవంతమైన పోరాటమును ఆ కోర్టు ఎఱుగదు. అడ్డు తగిలినప్పుడు లెట్ అడిగి అదే పాయింటును మరల ఆడుకొను సౌకర్యము ఈ క్రీడలో కలదు (విశ్వవిద్యాలయములో ఆ సౌకర్యమును సప్లిమెంటరీ యందురు, దానికి వేఱుగ రుసుము కలదు). అయినను ఇరువురిలో ఒక్కరైనను ఒక్క లెట్టైన అడుగలేదు. విధివశమున వరుసగా మూడు గేములు నేనే గెలిచితిని. గెలిచినవాడనగుటచే ఫైనలు కొఱకు బల్ల మీద కూర్చుంటిని. ఓడినవాడగుటచే అతడు హాల్‌టికెట్టు జేబులో పెట్టుకొని, ఆటో యెక్కుచు, నా చేయి పట్టి యూపి అభినందించెను. ఓడినవాని ముఖమున అంతటి నిష్కల్మషమైన ఆనందమును నేనెన్నడును చూచియుండలేదు.