పడుకుంటే లక్ష, నిలబడితే ఆరు లక్షలు

బండిలో కాపురం పెట్టాలనుకునేవాడు మొదట చూసుకోవాల్సింది ఇంజనూ కాదు, మైలేజీ కాదు, తన సొంత ఎత్తు. ఈ సంగతి ఏ షోరూములోనూ చెప్పరు. సర్వీసంతా హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన నాకు, కొత్త బండ్ల షోరూములూ పాత బండ్ల షెడ్లూ తిరగ్గా తిరగ్గా ఒక సూత్రం దొరికింది. లోపల పడుకుంటే చాలు అంటే లక్ష, లక్షంపావు. వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవాలంటే మూడు, మూడున్నర. లేచి నిలబడి పంచె కట్టుకోవాలంటే ఆరు లక్షల నుంచి బేరం మొదలు. అంటే తల నేల మీంచి పైకి లేచేకొద్దీ అడుగుకింత అని పన్ను. నా ఎత్తు ఐదడుగుల ఎనిమిదంగుళాలు. కుర్రతనంలో దీనికి మురిసిపోయేవాణ్ణి.

ఇదంతా దేనికంటారా? పిల్లలు ఒకరు డాలస్‌లో, ఒకరు బెంగళూరులో. ఇద్దరూ "మా దగ్గరికొచ్చి ఉండండి" అంటారు. ఇద్దరి దగ్గరా మూడోవారానికల్లా టీవీ రిమోటు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. సొంతిల్లుంది, పెన్షనుంది, మోకాళ్లు ఇంకా మాట వింటున్నాయి. కాశీబుగ్గ నుంచి కన్యాకుమారి దాకా నచ్చినచోట ఆగి, నచ్చినన్నాళ్లు ఉండి, విసుగేస్తే కదిలిపోవాలని నా కోరిక. హోటలు గదులకైతే పెన్షను పదో తారీఖుకల్లా హరీమంటుంది. అందుకని చక్రాలున్న గది.

ఈ మాట ఇంట్లో అనగానే మా బావమరిది "నెలనెలా పెన్షనొస్తుంటే రోడ్డున పడతానంటారేంటి బావగారూ?" అని నిజంగానే బాధపడ్డాడు. మా ఆవిడ బాధపడలేదు. షరతులు పెట్టింది.

"కుక్కరు పెట్టుకునే చోటుండాలి. చీర మార్చుకునే వీలుండాలి. తలుపుకి లోపల్నుంచి గడియుండాలి. అన్నీ కలిపి నాలుగు లక్షలు దాటకూడదు."

చివరి షరతు చెప్పేటప్పుడు బ్యాంకు పాసుబుక్కు ఆవిడ చేతిలోనే ఉంది.

మొదటి అభ్యర్థి ఓమ్ని. 1984లో మారుతీ వ్యానుగా వచ్చి, తర్వాత ఓమ్నిగా పేరు మార్చుకుని, 2019 దాకా తయారైన బండి. 796 సీసీ ఇంజను, పక్కకి జారే తలుపులు. మన సినిమాల్లో ఆ తలుపు జరిగిందంటే హీరో చెల్లెలు మాయమైనట్టే.

"ఊరూరా ఈ బండేసుకుని తిరిగితే మీరు నన్ను ఎత్తుకుపోతున్నారనుకుంటారు" అంది మా ఆవిడ.

"ఎత్తుకురావడం ఎప్పుడో అయిపోయింది కదా."

"అప్పుడు మా నాన్న కట్నమిచ్చి మరీ పంపించాడు."

టేపు పెట్టి కొలిచాం. వెనక సీట్లు తీసేసినా నేను తిన్నగా పడుకోవడానికి కాస్త తక్కువైంది. మూలగా పడుకుంటే సరిగ్గా సరిపోయాను. ఆవిడ కూడా రెండో మూల నుంచి పడుకుంటే సరి. కానీ దీర్ఘచతురస్రంలో కర్ణాలు రెండూ సమానమేగానీ, ఒకదాన్నొకటి సమద్విఖండన చేసుకుంటాయని ఎనిమిదో తరగతికి ఏటా చెప్పినవాణ్ణి నేనే. పైగా ఈ బండికి ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. "డిసెంబర్లో లంబసింగిలో వెచ్చగా ఉంటుంది" అన్నాను. "మే నెలలో రెంటచింతలలోనో?" అంది.

పాత బండికి ఇంకో లెక్కుంది. సొంత కారుకి రిజిస్ట్రేషను పదిహేనేళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కి పెరిగింది. వయసు మీదపడ్డవాళ్లకి ఎక్కడైనా తగ్గిస్తారుగానీ ఇలా పెంచుతారా అని మా ఆవిడ బండి తరఫున వాదించింది. రైల్లో వృద్ధుల రాయితీ 2020లో తీసేసినప్పట్నుంచీ బండికీ నాకూ సమానంగానే న్యాయం జరుగుతోందని సర్దిచెప్పాను.

ఈలోగా మా మేనల్లుడు ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. తమిళనాడులో నామక్కల్ జిల్లా కుర్రాడొకడు, ఆర్కిటెక్టు, బజాజ్ ఆటో మీద 36 చదరపు అడుగుల్లో ఇల్లు కట్టాడు. పడక, వంటిల్లు, బాత్రూము, డాబా మీద కుర్చీ వేసుకునే చోటు. ఖర్చు లక్ష చిల్లర. 2021లో ఆనంద్ మహీంద్రా మెచ్చుకున్నాక దేశమంతా చూసింది.

"ఎంతమంది ఉండొచ్చురా?"

"ఒక్కరే మావయ్యా. సోలో అని పేరు కూడా పెట్టాడు."

మా ఆవిడ ఫొటోని వేళ్లతో పెద్దది చేసి మూలమూలా చూసింది. "ముచ్చటగా ఉంది. మీరు ఇందులో రండి, నేను వెనకాల బస్సులో వస్తాను" అంది.

తర్వాతి అభ్యర్థి టాటా ఏస్. 2005లో ఛోటా హాథీగా పరిచయమై, పెళ్లికి షామియానా కర్రల్నీ చావుకి ప్లాస్టిక్ కుర్చీల్నీ ఒకే భక్తితో మోసే బండి. తొట్టి పొడవు ఏడడుగుల పైచిలుకు. మొట్టమొదటిసారి కాళ్లు చాపుకునే అవకాశం కనిపించింది. విజయవాడ ఆటోనగర్లో బాడీ కట్టే మేస్త్రీ దగ్గరికి వెళ్లాం. ఆటోనగర్లో ఒక పక్క లారీకి ముక్కు చెక్కుతుంటారు, ఇంకో పక్క బస్సుకి తోలు వలుస్తుంటారు. ఆ మోతలో మాట్లాడాలంటే నలభైమంది పిల్లల క్లాసుని అదుపు చేసిన గొంతు ఉండాలి. నాకది ఉంది.

"తొట్టి మీద గది కట్టాలంటే?" అని అరిచాను.

మేస్త్రీ చెవి మీంచి పెన్సిలు తీసి, నన్ను కింద నుంచి పై దాకా కొలిచి, "రేకుతో కట్టేస్తా మాస్టారూ. ఎత్తు మీరెంతంటే అంత" అన్నాడు.

ఆ మాటకి ప్రాణం లేచొచ్చింది. మీరెంతంటే అంత! ఇన్నాళ్లకి నన్ను మొత్తంగా పట్టించుకున్న మనిషి దొరికాడు. లైసెన్సుకీ ఇబ్బంది లేదు. మామూలు కారు లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా బండి నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్లో తేల్చేసింది.

కానీ అదే సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇంకో మాట చెప్పింది. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి రూపు మార్చకూడదంది. మార్చాలంటే రవాణా శాఖ అనుమతి, ఆర్సీలో నమోదు. మేస్త్రీగారి 'మీరెంతంటే అంత' అక్కడ కుదేలైంది. పైగా ఏస్ సరుకుల బండి. తొట్టిలో మనుషుల్ని కూర్చోబెట్టి నడపకూడదు. పసుపు ప్లేటు. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకి 200 టోల్ గేట్లు దాటించే ఫాస్టాగ్ వార్షిక పాసు వచ్చింది. అది సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే. పసుపు ప్లేటుకి వర్తించదు. ఛోటా హాథీకి నమస్కారం పెట్టి వచ్చేశాం.

ఆర్టీఏ ఆఫీసు బయట చెట్టు కింద కుర్చీ వేసుకునే ఏజెంటు ఒకాయన చట్టాన్నంతా టీ గ్లాసు ఖాళీ అయ్యేలోగా చెప్పేశాడు. "బోల్టు పడితే మార్పండీ. పడకపోతే సామాను." నేను ఎన్నో సిద్ధాంతాలు చదివానుగానీ ఇంత పొదుపైన నిర్వచనం చూడలేదు. మంచాన్ని బిగించకండి, పరుపు చుట్టలతోపాటు లగేజీగా పెట్టుకోండి, ఎవరైనా ఆపితే "ఊరెళ్తున్నాం" అనండి, నిజమే కాబట్టి మొహంలో తడబాటు కూడా ఉండదు అన్నాడు.

ఇక నిలబడే తరగతి. ఎత్తు టాపున్న ఫోర్స్ ట్రావెలర్. పెళ్లిబృందాలూ శబరిమల స్వాములూ తిరిగే బండి. లోపల నిలబడి చేతులు జోడించుకోవచ్చు. నిలబడ్డాను. ఎంత హాయి! పాత బండి ధర చెప్పగానే కూర్చున్నాను. బ్రోకరు నా మొహం చూసి, "వేలంలో కొన్న అంబులెన్సొకటుంది సార్, ఇదే మోడలు. చవగ్గా వస్తుంది. పడక, ఫ్యాను, లైటు, చేతులు కడుక్కునే సింకు అన్నీ దాంట్లోనే ఉన్నాయి" అన్నాడు. లెక్కప్రకారం ఇంతకన్నా మంచి బేరం లేదు. మా ఆవిడ మాత్రం స్ట్రెచర్ పెట్టే పట్టాల వంక ఒక్కసారి చూసి, "దాంట్లో ఎక్కాల్సిన రోజు ఎటూ వస్తుంది. ముందుగా డబ్బులిచ్చి ఎందుకు ఎక్కడం?" అంది. బ్రోకరు దగ్గర దానికి జవాబు లేదు. డాక్టర్ల దగ్గర కూడా ఉండదు.

బండి కుదరకపోయినా సామాను పట్టీ మాత్రం రాసుకుంటూనే ఉన్నాం. ఇద్దరు మనుషులకి వంటకీ తాగడానికీ రెండు ఇరవై లీటర్ల టిన్నులు. లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి అవి నలభై కిలోలు. ఐదు కిలోల చిన్న గ్యాస్ సిలిండరు. తర్వాత మిక్సీ. అక్కడ ఆగాం. మిక్సీ 750 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద నడిపితే అరవై రెండున్నర ఆంపియర్లు లాగుతుంది. కొబ్బరి పచ్చడి కోసం పెద్ద ఇన్వర్టరు, యాభై కిలోల బ్యాటరీ, వీటిని నింపడానికి నెత్తిన సోలార్ పలకలు. ఖర్చంతా కాగితం మీద వేసి చూపించాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "రాతి కల్వం కొంటే ఇంత లెక్కా ఉండదు, పచ్చడి కూడా పచ్చడిలాగుంటుంది" అంది. ఆ ఒక్క మాటతో బడ్జెట్లో అరవై వేలు మిగిలాయి. నేను లెక్కల మాస్టార్ని, ఆవిడ ఆర్థిక మంత్రి.

లెక్క కుదిరింది మాత్రం ఆటోనగర్లో కాదు, మా వీధిలో. ఎవరో బోరు వేయిస్తుంటే రాత్రిపూట రెండు లారీలు వచ్చాయి. టీఎన్ 34 నంబరు, అంటే తిరుచెంగోడు. దేశమంతా తిరిగే బోరు లారీల పుట్టిల్లు అది. ఉండేది నామక్కల్ జిల్లాలోనే. ఆటో ఇల్లు కట్టిన కుర్రాడిదీ అదే జిల్లా అంటే, అక్కడి నీళ్లలో ఏదో ఉందన్నమాట. ఒక లారీ మీద రిగ్గు, రెండోదాని మీద పైపులూ మిగతా సరంజామా. వీళ్లు నెలల తరబడి ఆ లారీలతోనే ఉంటారు. బండిలో బతకడం గురించి దేశంలో వీళ్లకన్నా తెలిసినవాళ్లెవరు?

రిగ్గు హోరులో, తెల్లటి రాతిపొడి లేస్తుంటే, పది గజాల అవతల ఒక కుర్రాడు స్టవ్ మీద డేకిసా పెట్టి సాంబారు కాస్తున్నాడు. పైపుల మీద లుంగీలు ఆరేశారు. ఇద్దరు లారీ కింద చాప వేసుకుని, ఆ మోతలోనే నిద్రపోతున్నారు. నేను డ్రైవరు దగ్గరికెళ్లి, నన్ను ఇన్నాళ్లుగా తొలిచేస్తున్న ప్రశ్న అడిగాను. "బాబూ, మీ లారీలో నిలబడే చోటుంటుందా?"

అతను నన్ను ఎగాదిగా చూసి, అరవ యాసలో, "లారీలో ఎందుకు సార్ నిలబడేది? బయట ఇంత జాగా ఉంది గదా?" అన్నాడు.

ఈ దేశంలో రోడ్డు పక్కన దొరకనిది ఏముంది? తెల్లారకముందే ఇడ్లీ బండి. పెట్రోలు బంకులో టాయిలెట్టు, గాలి, మంచినీళ్లు. శ్రీశైలం వెళ్లినా, అరుణాచలం వెళ్లినా, కాశీ వెళ్లినా మనవాళ్ల సత్రాలు. అక్కడ ఒక పూట గది తీసుకుంటే స్నానం, చీర మార్చుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, ఎదుటి గదివాళ్లతో "మీదే ఊరు?" అన్నీ అయిపోతాయి. అమెరికావాడి బండిలో ఇల్లంతా ఉండాలి, ఎందుకంటే బయట ఎవరూ ఉండరు. మన బండిలో ఉండాల్సినవి రెండే: ఒక పడక, ఒక గడియ. మిగతా ఇల్లంతా బయట పరిచే ఉంది. ఏ పూటకి ఎంత కావాలంటే అంత అద్దెకి తీసుకోవచ్చు. నిలబడటానికి ఆరు లక్షలెందుకు?

ఆ వారంలోనే ఈకో దొరికింది. ఐదు సీట్లది, తెల్ల ప్లేటు, 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను. సీఎన్జీ అయితే ఖర్చు తక్కువేగానీ, వెనకాల సిలిండరు కూర్చుంటుంది, అక్కడ పడుకోవాల్సింది మేము. 2010 నుంచి తయారవుతున్న బండి కాబట్టి ఏ మండల కేంద్రంలో ఆగినా దీని నాడి తెలిసిన మెకానిక్కు ఉంటాడు. మూడు లక్షలకి కాస్త లోపు. వెనక సీటు మడిచి, మీద మూడు ప్లైవుడ్ పలకలు పరిస్తే తిన్నగా ఇద్దరం పడుకోవచ్చు. కర్ణాలతో పనిలేదు. బోల్టులు లేవు కాబట్టి అంతా సామానే. వెనక తలుపు పైకి లేపితే దాని నీడలో కుక్కరు. కిటికీలకి మా ఆవిడే పాత చీరలతో తెరలు కుట్టింది. గడియ కంపెనీవాళ్లే ఇచ్చారు. పడక మీద ఆవిడ నిటారుగా కూర్చోగలదు, నేను మాత్రం తల వంచుకుని కూర్చోవాలి. పెళ్లయినప్పట్నుంచీ ఉన్న భంగిమే, కొత్తగా నేర్చుకోవాల్సిన పని లేకపోయింది.

ఆర్సీ ఆవిడ పేరు మీదే రాయించింది. డబ్బు ఉమ్మడి ఖాతాదే కదా అంటే, ఓనరు ఒకరే ఉండాలి, స్టీరింగు ఎటూ మీ చేతిలోనే ఉంటుంది కదా అంది. అంటే నేను డ్రైవర్ని. బోరు లారీ కుర్రాళ్లు చెప్పారు, దూరం వెళ్లే డ్రైవరుకి రోజుకింత బత్తా ఇవ్వాల్సిందేనట. ఆ లెక్క కాగితం మీద రాసి ఓనరుగారి ముందు పెట్టాను. పరిశీలనలో ఉంది.