నీళ్ల సీసా పద్యం: సటీకా తాత్పర్యం

ఆ.వె.
కారు తోలువాఁడు కడప దాటక మున్ను
నీళ్లు పెట్టినావ నీవటంచు
నడుగ నాలు పలికె నచట సంద్రము లేద
యిన్ని సీసలేల యిచటనుండి

అవతారిక: కర్నూలు నుంచి సుమారు 900 కిలోమీటర్లు సొంత కారులో రామేశ్వరం బయలుదేరిన ఆలుమగల సంవాదం ఇది. కవి పేరు తెలియదు. "నడుపువాఁడు" అన్నా గణాలు సరిపోయేవి. అయినా "తోలువాఁడు" అన్నాడు కాబట్టి సీమవాడే. కాలం తేల్చడం కూడా సులువే. పాంబన్ పాత రైలు వంతెన 1914 నాటిది గాని, కార్లు దీవి మీదికి పోయే వంతెన 1988లో గాని తెరవలేదు. కాబట్టి పద్యం అంతకు ముందుది కాజాలదు. ప్రబంధ కవులెవరూ ఈ వస్తువును ముట్టకపోవడానికి కారణం ఇదే, ప్రతిభాలోపం కాదు.

ప్రతిపదార్థం: కారు తోలువాఁడు = మొగుడు; కడప దాటక మున్ను = నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు గడిచి, కడప ఇంకా రాకుండానే; నీళ్లు = ఇంటి ఫిల్టరు నీళ్లు (దారిలో కొన్నవి నీళ్లు కావని మతం); పెట్టినావ = కారులో పెట్టినావా; నీవు = పెట్టవలసినది నేను కాదు అని భావం; అటంచు = అంటూ; అడుగన్ = అడగగా; ఆలు = వెనక సీట్లో పులిహోర డబ్బా ఒరగకుండా మోకాలు అడ్డం పెట్టి కూర్చున్న ఇల్లాలు; పలికెన్ = బదులిచ్చింది; అచట = రామేశ్వరంలో; సంద్రము లేద = సముద్రం లేదా ఏమి; ఇన్ని సీసలు = లీటరు సీసాలు అర డజనూ, ఇరవై లీటర్ల క్యానూ; ఏల = ఎందుకు; ఇచటనుండి = కర్నూలు నుంచి మోసుకుపోవడం.

తాత్పర్యం: "ఏమ్మే, నీళ్లు పెట్టినావా?" "ఆడ సముద్రమే ఉంది గదయ్యా, ఇన్ని సీసాలు యాలా?"

"కడప దాటక మున్ను" దగ్గర కాసేపు బండి ఆపాలి. ఈ దారికి చాలా మేర కేసీ (కర్నూలు-కడప) కాలువే తోడు. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలయ్యే ఈ కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. పొలాలకు నీళ్లు పారాలి, పైన పడవలూ తిరగాలి అని వాళ్ల లెక్క. లెక్క తప్పింది. నష్టాలు మిగిలి, 1882లో కాలువ సర్కారు చేతికి వచ్చింది. పడవ మీద పోవలసిన దారిలో కారులో పోతూ సీసాలు లెక్కపెట్టుకోవడమే ఇక్కడి రసం. ఈ రోడ్డున పోయే సీమవాడు స్టీరింగు పట్టుకునే కాలువలోకి ఒక చూపు వేస్తాడు. పారుతుంటే "వదిలినారు" అంటాడు. ఎండి ఉంటే ఏమీ అనడు, కొంచెం స్పీడు పెంచుతాడు. నాయకుడి ప్రశ్న ఆ స్పీడులోంచే పుట్టిందని నా అభిప్రాయం.

పూర్వపక్షం: సముద్రం నడుమ దీవికి పోయేవాడు నీళ్లు మోయడం తర్కవిరుద్ధం, కాబట్టి ఆలి మాటే ప్రమాణం అని కొందరు. వీరు కర్నూలు చరిత్ర చదవనివారు. 2009 అక్టోబరు 2న తుంగభద్రా హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు మిద్దెల మీద నిలబడినవారికి చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం చుక్క లేదు. రామేశ్వరం దీవి మీదే ఉన్న ధనుష్కోటి సంగతి మరీ ఘోరం. 1964 డిసెంబరు 22 రాత్రి తుఫాను అలలు పాంబన్ నుంచి వస్తున్న రైలునే మింగేశాయి; ఊరు మళ్లీ ఊరు కాలేదు. కప్పు లేని చర్చి గోడలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటి పక్కనుంచే కార్లు తీరం చివరికి పోతాయి. అక్కడ ఒక పక్క సముద్రం నెమ్మది, ఇంకో పక్క ఉరవడి. నెమ్మదైనదాన్ని ఆడ సముద్రమనీ, ఉరవడిదాన్ని మగ సముద్రమనీ అక్కడి జాలర్లు అంటారు. ఈ విభజనను మన నాయిక ఒప్పుకుంటుందా అనేది వేరే వ్యాఖ్యానానికి తగిన విషయం.

ఇక రామేశ్వరం గుడిలోని ఇరవైరెండు తీర్థాలు. ముందు సముద్రంలో మునగాలి, అది అగ్నితీర్థం. తర్వాత తడిబట్టలతో బావి నుంచి బావికి పరుగు. గట్టు మీద నిలబడిన మనిషి తాడు కట్టిన బొక్కెన దించి, తోడి, వచ్చినవాళ్ల నెత్తిన కుమ్మరిస్తాడు. సముద్రానికి అంత దగ్గర ఉన్నా ఈ బావుల నీళ్లు ఉప్పగా ఉండవంటారు. తక్కిన భక్తులు కళ్లు మూసుకుంటారు. కర్నూలువాడు కళ్లు తెరిచి, తన నెత్తిన పడిన బొక్కెనెడు నీళ్లు రాతిగచ్చు మీద ఎటు పోతున్నాయో చూస్తాడు. పుణ్యానికి పోయి వృథా లెక్కేసేవాడిని మీరు చూడదలిస్తే అక్కడ చూడవచ్చు.

సిద్ధాంతం: "ఇన్ని" అన్న మాటే కీలకం. సీసాలు లేకుంటే "ఇన్ని" అనడం కుదరదు. అంటే నాయకుడు అడిగేనాటికే అవి కారులో ఉన్నాయి. పెట్టింది ఎవరు? అతడే పెట్టి మరిచాడని ఒక శాఖ. ఇది నిలవదు, నీళ్లు నింపి మూత బిగించినవాడు "పెట్టినావా" అని అడగడు. కాబట్టి తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పులిహోర కలిపి, సీసాలు కడిగి నింపి, క్యాను డిక్కీలోకి ఎత్తింది ఆమే. పని చేసినవారిని చేశావా అని అడిగితే వచ్చే జవాబు ఇలాగే ఉంటుంది. అలంకారశాస్త్రం దీన్ని వ్యంగ్యం అంటుంది, నాయకుడు తిక్క అంటాడు. మొదటిదే సరి.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని కారెక్కే ముందు ఒకసారి చదివి, ఆపై డిక్కీ తెరిచి తానే చూసుకున్న మగవాడికి మైదుకూరు దాకా గొడవ ఉండదు. మైదుకూరు తర్వాతి సంగతికి వ్యాఖ్యాత పూచీ లేదు.