కార్డు పోయి కన్సల్టెన్సీ వచ్చె

ఏమోయ్ అబ్బాయ్, ఉద్యోగం వెతుక్కోవడానికి నీకు మధ్యలో ఇంకో మనిషి ఎందుకు? మా రోజుల్లో పెళ్లికి మధ్యవర్తి ఉండేవాడు, పొలం బేరానికి ఉండేవాడు. ఉద్యోగానికి ఉంటే గింటే సర్కారువారి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి, అదీ కానీ ఖర్చు లేకుండా. తాతయ్య మళ్లీ మొదలెట్టాడని మా ఇంట్లో నవ్వుతారు. నవ్వనీ. నువ్వు మాత్రం కాసేపు ఆ ఫోను పక్కన పెట్టి విను.

డిగ్రీ ఫలితాలు రాగానే జిల్లా కేంద్రానికి బస్సెక్కేవాళ్లం. చంకలో ఫైలు. అందులో పదో తరగతి మార్కుల జాబితా మొదలుకొని టైపు హయ్యరు దాకా అన్నిటికీ ట్రూ కాపీలు, వాటి మీద గెజిటెడ్ సంతకాలు. మా ఊళ్లో గెజిటెడ్ అంటే పశువుల డాక్టరుగారొక్కరే. ఎద్దుకు సూది వేసి, చేతులు కడుక్కుని తుడుచుకుని, ఒక్కో నకలునీ అసలు పక్కన పెట్టి వేలితో వరస వరసా చూసి, ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి, గుండ్రటి ముద్ర గుద్దేవారు. "లెక్కల్లో ఇన్ని మార్కులు తెచ్చుకుని గుమాస్తా పనికేమిట్రా, పైకి చదవరాదూ" అని కోప్పడేవారు కూడా. సంతకం పెట్టే మనిషికి నీ మార్కులు గుర్తుండే రోజులవి. ఇప్పుడు నీ రెజ్యూమెను ముందు కంప్యూటరు చదువుతుందట. దానికి లెక్కలంటే ఇష్టమో కాదో ఎవరికి తెలుసు!

సరే, ఎక్స్ఛేంజిలో క్యూ కట్టి, వరండాలో మధ్యాహ్నం దాకా నిలబడితే గుమాస్తా నంబరు వేసిన కార్డు చేతికిచ్చేవాడు. మూడేళ్లకోసారి రెన్యువల్. ఆ తారీఖు దాటిందా, సీనియారిటీ గోవిందా! అందుకే మా నాన్నగారు దాన్ని బీరువా తలుపు లోపలివైపు రాసిపెట్టేవారు. ఈ కార్యాలయాలు 1945లో, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు పని చూపించడానికి మొదలైనవి. 1959లో చట్టం చేసి, ప్రభుత్వ సంస్థలూ, 25 మందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రైవేటు సంస్థలూ ఖాళీలను వీటికి తెలపాల్సిందే అన్నారు. 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ కేసులోనే సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజి పంపిన పేర్లతో సరిపెట్టకండి, పత్రికల్లో ప్రకటించి దరఖాస్తు పెట్టినవాళ్లందరినీ చూడండి అంది. న్యాయమైన మాటే. కార్డున్నవాళ్లందరికీ పిలుపు వచ్చిందా అంటే రాలేదు. రెన్యువల్ చేయిస్తూ చేయిస్తూ వయోపరిమితి దాటిపోయినవాళ్లు నా తోటివాళ్లలోనే ఉన్నారు. అయినా ఆ కార్డు కోసం ఎవడూ తల్లి మెడలో గొలుసు తాకట్టు పెట్టలేదు.

ఇప్పుడు అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నిలబడి చూడు. కరెంటు స్తంభానికీ, గోడకీ ఉద్యోగాల కాగితాలే. మొన్న మా మనవరాలికి ఫోనొచ్చింది. బీటెక్ పాసైన పిల్ల. "మీ ప్రొఫైల్ షార్ట్‌లిస్ట్ అయింది మేడమ్" అన్నారట. నేనూ వెంట వెళ్లాను. ఏసీ గది, గాజు తలుపు. రిజిస్ట్రేషన్‌కి ఇంత, ట్రైనింగ్‌కి ఇంత, ఆఫర్ లెటర్ వచ్చాక ఇంత. ఒరిజినల్ సర్టిఫికెట్లు అక్కడే ఉంచాలట.

"కంపెనీ పేరేమిటమ్మా?" అన్నాను.

"క్లయింట్ పేరు ఇప్పుడే చెప్పకూడదు సార్."

పెళ్లికొడుకు పేరు చెప్పకుండా కట్నం అడిగినట్టుంది. పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను. ఇంకొన్నిచోట్ల లేని అనుభవాన్ని మూడేళ్లు ఉన్నట్టు కాగితం కూడా పుట్టిస్తారట, బ్యాక్‌డోర్ అంటారట. ఆ కాగితం వెరిఫికేషన్‌లో దొరికిపోతే కన్సల్టెన్సీవాడికేం కాదు నాయనా, ఊడేది నీ ఉద్యోగం.

గల్ఫ్ సంగతి తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది. రాజంపేట, రాయచోటి నుంచీ, జగిత్యాల, సిరిసిల్ల నుంచీ వెళ్లేవాళ్లని అడుగు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం లైసెన్సున్న ఏజెంటే మనుషుల్ని పంపాలి. 30 వేల రూపాయలూ, దాని మీద జీఎస్టీ, అంతకుమించి పుచ్చుకోకూడదు. కానీ ఊళ్లో తిరిగే సబ్‌ఏజెంటుకు లైసెన్సూ ఉండదు, రసీదూ ఉండదు. అప్పు చేయించి లక్షలు గుంజి, విజిట్ వీసా చేతిలో పెట్టి విమానం ఎక్కిస్తాడు. ఏజెంటు అసలువాడో కాదో ఈమైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ అని ప్రభుత్వ సంస్థలే ఉన్నాయి. ఎంతమంది ఆ గడప తొక్కుతున్నారు?

మంచి ఏజెన్సీలు లేవని నేననను. మా పెద్దవాడి ఉద్యోగం అలా వచ్చిందే. వాళ్ల కూలి కంపెనీ ఇస్తుంది, చేరిన మనిషి ఏడాది జీతంలో ఇంత శాతమని. కొద్ది నెలల్లో ఆ మనిషి మానేస్తే ఇంకొకణ్ణి ఉచితంగా వెతికిపెట్టాలి కూడా. అంటే వాళ్లు పనిచేసేది కంపెనీ కోసం, నీ కోసం కాదు. ఇంటర్వ్యూ అయ్యాక ఫోనెత్తకపోతే నీలో ఏదో లోపముందని కుమిలిపోకు. మాకు రాలేదన్న సంగతైనా పోస్టుమాన్ నోటితో తెలిసేది. "లేదు బాబూ, రేపు చూద్దాం" అని సైకిలు దిగి మరీ చెప్పేవాడు. ఇప్పుడు ఆ మాట చెప్పేవాడూ లేడు.

ఏజెన్సీకి వెళ్లాలనుకుంటే వెళ్లు, నేను ఆపితే ఆగుతావా? కంపెనీ పేరు అడుగు, జీతం కాగితం మీద రాసిమ్మను. మన దేశంలో ఉద్యోగం ఇప్పిస్తానని నీ దగ్గర పైసా అడిగితే లేచి వచ్చెయ్. వచ్చేటప్పుడు నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు లెక్క చూసుకుని తీసుకుని మరీ రా.