గద్వాల దయ్యం బనగానపల్లెలో ఉంటుంది

మాది గద్వాల అని చెబితే ఒకప్పుడు ఎదుటివాళ్ల కళ్లలో జరీ మెరిసేది. "మా ఆవిడకో చీర పంపరాదూ" అనేవాళ్లు. డబ్బుల మాట మాత్రం ఎత్తేవాళ్లు కాదు. 2009 సంక్రాంతికి 'అరుంధతి' సినిమా వచ్చాక ఆ చీరల బెడద తీరింది. ఇప్పుడు గద్వాల అనగానే గొంతు బొంగురు చేసుకుని "బొమ్మాళీ" అంటున్నారు. పెళ్లిచూపుల్లో అన్నవాళ్లు కూడా ఉన్నారు.

కథలో సంస్థానం గద్వాలదే, కాదనను. కానీ దర్శకుడు కోడి రామకృష్ణ కెమెరా పెట్టిన బంగ్లా తుంగభద్ర అవతల, బనగానపల్లె నవాబులది. పేరు మాది, దయ్యం వాళ్లది. మా మట్టికోటకొస్తే కనిపించేవి సోమనాద్రి కట్టించిన గోడలు, లోపల చెన్నకేశవస్వామి గుడి, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరున డిగ్రీ కాలేజీ. ఒకపక్క స్వామి, ఇంకోపక్క సెమిస్టర్ పరీక్షలు. నడుమ ఏ దయ్యం కాపురం చేస్తుంది చెప్పండి! వనపర్తి రాజావారి ప్యాలెస్‌లోనూ అదే గతి, అక్కడ పాలిటెక్నిక్ పెట్టారు. పాలమూరు సంస్థానాల్లో దయ్యాలకు నిలువనీడ లేకుండా చేసింది చదువులే.

సినిమా సంగతికొస్తే, 'అరుంధతి'లో నాకు వణుకు పుట్టించింది సోనూ సూద్ వేషం కాదు, దానికి రవిశంకర్ అరువిచ్చిన గొంతూ కాదు. బతికున్న మనిషి మీద సమాధి కట్టేయడం. ఆ రాత్రి ముసుగు తన్ని పడుకుందామంటే దుప్పటి మొహం మీదికి రానివ్వలేకపోయాను. ఉత్త సౌండుతో బెదరగొట్టడం గొప్ప కాదు; చెవి పక్కన స్టీలు బిందె జారవిడిస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు, దానికి టికెట్ కొనడం దేనికి? భయమంటే సినిమా అయిపోయాక మనతోపాటు బస్సెక్కి ఇంటికి రావాలి.

పైగా మా జిల్లావాళ్లను బొమ్మ చూపించి బెదరగొట్టడం అంత తేలిక కాదు. అలంపురంలో జోగులాంబ అమ్మవారి జటల్లో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం ఉంటాయి. ఆ రూపానికి దండం పెట్టి, ప్రసాదం తిని, చేతులు చొక్కాకు తుడుచుకుంటూ పెరిగిన పిల్లలు వీళ్లు. తెరమీద గ్రాఫిక్స్‌లో ఎర్రకళ్లు చూపిస్తే "కండ్లకలక అయినట్టుంది పాపం" అంటారు.

వనపర్తిలో ఉండే మా బావ మాత్రం ఒప్పుకోడు. "సౌండు లేకుంటే అది దయ్యం సినిమా ఎట్లయితది బామ్మర్దీ? సీరియల్ అయితది" అంటాడు. ఆయనకు రాంగోపాల్ వర్మ 'రాత్రి' (1992) చూపించాను. అందులో రేవతి సినిమాహాల్లో కూచుంటుంది. చుట్టూ ఉన్న జనం ఉన్నట్టుండి ఉండరు. ఖాళీ కుర్చీలు, అంతే. బావ ఏమీ అనలేదు. ఆ తర్వాత ఫస్ట్ షోకే పోతున్నాడు, సెకండ్ షో మానేశాడు, నడుంనొప్పి అని చెబుతున్నాడు.

అదే రేవతి ముప్పై ఏళ్లకు మలయాళంలో 'భూతకాలం' (2022) చేసింది. దర్శకుడు రాహుల్ సదాశివన్. ఆ నటనకు కేరళ ప్రభుత్వం ఉత్తమ నటి అవార్డు ఇచ్చింది. ఒక అద్దె ఇల్లు, దిగులుతో కుంగిపోయిన తల్లి, ఉద్యోగం లేని కొడుకు. ఇంట్లో ఏదో ఉందని వాడంటే ఎవరూ నమ్మరు, కన్నతల్లి కూడా. దయ్యం కంటే ఆ నమ్మకపోవడమే గుండెలో దిగబడుతుంది. నన్నడిగితే దయ్యం సినిమాల్లో పెద్దపీట దీనికే.

'తుంబాడ్' (2018) మాత్రం మా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఊరూరా తెర కట్టి చూపించాల్సింది. వాన, పాడుబడ్డ బంగళా, బంగారు నాణేలు, వాటికి కావలి హస్తర్ అనే భూతం. భయం హస్తర్‌తో కాదు, నాణేలకోసం మళ్లీమళ్లీ గుంతలోకి దిగి, చివరికి కొడుక్కీ దిగడం నేర్పే తండ్రితో. మా దగ్గర పాత గుళ్లో నంది కింద గుంత కనిపిస్తే ఎవరు తవ్వారని అడగరు, ఏమన్నా దొరికిందా అని అడుగుతారు. 2023 డిసెంబరులో నాగర్‌కర్నూల్ పోలీసులు ఒకణ్ని పట్టుకున్నారు. గుప్తనిధులు తీసిస్తానని నమ్మించి పదకొండుమందిని చంపాడని కేసు. ఆ వార్త చదివిన రోజు నవ్వు రాలేదు.

కొరియా సినిమా 'ది వెయిలింగ్' (2016) నాగర్‌కర్నూల్‌లో మా పెద్దమ్మతో కలిసి చూశాను. భాష రాకపోయినా ఆమెకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఊళ్లో వింత రోగం, కొండమీద ఊరుపేరు తెలియని మనిషి, డప్పులతో పూజ చేసే మంత్రగాడు, బిడ్డకు జబ్బుచేసి దిక్కుతోచని పోలీసు. అన్నీ తెలిసిన సంగతులే. "వీళ్లల్ల మంచోడెవడో ముందు చెప్పు బిడ్డా" అని నన్ను పీక్కుతింది. ఆ సినిమా చివరిదాకా ఆ ఒక్కటే చెప్పదు. అయిపోయాక తీర్పు చెప్పింది: "ఆ పోలీసాయన మొదలే పోచమ్మకు మొక్కుకుంటే ఇంతదూరం రాకపోవు." కానీ ఆ రాత్రి లైటు ఆర్పనివ్వలేదు. కరెంటు బిల్లు గురించి నాకు ఉపన్యాసాలిచ్చే మనిషి!

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు 'మసూద' (2022) చూడండి. అందులో సాయం చేయడానికొచ్చిన కుర్రాడు మనకంటే పిరికివాడు కాబట్టి కాస్త ధైర్యంగా ఉంటుంది. తర్వాత 'రాత్రి', ఆపైన 'భూతకాలం'. ఫోన్ పక్కన పెట్టి, లైట్లు ఆర్పి, పిల్లలు నిద్రపోయాకే చూడండి. 'ది వెయిలింగ్' రెండున్నర గంటలకు పైనే ఉంటుంది, శనివారం రాత్రికి పెట్టుకోండి. అర్ధరాత్రి భయమేస్తే నాకు ఫోన్ చేయకండి, మా బావకు చేయండి. ఆయన ఎలాగూ మెలకువగానే ఉంటాడు.