దర్శనం లెటరుతో సీటొస్తుందా?

తిరుమల బ్రేక్ దర్శనానికి ఎమ్మెల్యే లెటరు పట్టుకెళ్లే అలవాటు సముద్రం దాటినా పోలేదు. మలేషియాలో, క్లాంగ్‌లోని టెంగ్కు కెలానా వీధిలో దండ కొని, పెద్దమనిషి మెడలో వేసి, 'కుర్రాడు రత్నం' అన్న కాగితం మీద, వర్సిటీ సీటు కోసం, సంతకం పెట్టించుకునే నాన్నగార్లు ఉన్నారు.

కానీ మలేషియా సర్కారీ వర్సిటీల ప్రవేశాలు చూసే యూపీయూ మెరిట్ లెక్కలో 90 శాతం మార్కులకు, 10 శాతం ఆటలూ క్లబ్బులకు. పెద్దమనిషి వాటా సున్నా!

పోనీ, అమెరికా? ఎంఐటీకి ఇద్దరు టీచర్ల లేఖలు కావాలి: ఒకరు లెక్కలో సైన్సో చెప్పినవారు, మరొకరు భాషో చరిత్రో చెప్పినవారు. బ్రిటన్ వర్సిటీల దరఖాస్తులు తీసుకునే యూకాస్‌కు ఒక్క రెఫరెన్సు చాలు. చుట్టాలు రాస్తే మాత్రం చెల్లదు.

ఆఖరి బెంచీ రత్నం పేరేమిటో టీచరుకు గుర్తు రావడం లేదు. పెద్దమనిషి లెటర్‌హెడ్ మీద బంగారు అక్షరాలు మాత్రం ధగధగ మెరుస్తున్నాయి.