పేరు రాసిస్తే పనయిపోతుందా?

మా రోజుల్లో గుంటూరు మిర్చి యార్డు చుట్టూ ఉన్న కమీషన్ కొట్లకు పట్టీల (రైతుకిచ్చే అమ్మకం బిల్లుల) ప్రోగ్రాములు రాసేవాళ్లం. డాస్ మీద, క్లిప్పర్ భాషలో. తేజా రకం మిర్చికి ఒక లెక్క, 334కు ఒకటి, తాలుకు మరొకటి. ప్రకాశం జిల్లా వైపు జిన్నింగ్ మిల్లుల్లో పత్తిది ఇంకో గొడవ. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనేటప్పుడు తేమ 8 శాతం దాటితే ధరలో కోత పెడుతుంది, 12 దాటితే సరుకే తీసుకోదు. పట్టీ రాసే ఫంక్షన్ ఒక్కటే ఉంచి, ఏ సరుకు కోత లెక్క ఆ సరుకుకు కోడ్ బ్లాకుగా దాని చేతికిచ్చేవాళ్లం. 1990లో వచ్చిన క్లిప్పర్ 5 అంత పనీ చేసేది. ఫంక్షన్ పేరు తప్పు రాస్తే లింకర్ దగ్గరే ఆగిపోయేది.

అదే పని ఒరాకిల్‌లో చేయాలంటే వేరే కథ. అందులో స్టోర్డ్ ప్రొసీజర్లు 1992లో, ఏడో వెర్షన్‌తో వచ్చాయి. ముప్పై ఏళ్లు దాటినా పీఎల్ ఎస్‌క్యూఎల్ ప్రొసీజర్‌కు ఫంక్షన్‌ను ఆర్గ్యుమెంటుగా ఇచ్చే దారి లేదు. దాని పేరును స్ట్రింగుగా పంపి, లోపల ఎగ్జిక్యూట్ ఇమ్మీడియట్‌తో నడిపించాలి. ఇప్పటి కుర్రాళ్లు దీన్నే పెద్ద విద్యలా చూపిస్తారు!

తేమ కోత ఫంక్షన్ పేరులో ఒక్క అక్షరం తప్పు పడిందనుకోండి. కంపైలర్‌కు అది కొటేషన్ల మధ్య మాట, అంతే. ప్రొసీజర్ వ్యాలిడ్ అంటుంది. తప్పు బయటపడేది సీజన్లో, కాటా అయిన రైతు పట్టీ కోసం నిలబడ్డప్పుడు. డిపెండెన్సీల జాబితాలోనూ ఆ ఫంక్షన్ కనపడదు కాబట్టి, ఎవరూ వాడటం లేదని ఇంకొకడు దాన్ని తీసిపారేస్తాడు. ఆ పేరు నేరుగా తెర మీద నుంచి వచ్చేదైతే మరీ ఘోరం, ఎవడేది రాసి పంపినా డేటాబేసులో నడుస్తుంది.

పోస్ట్‌గ్రెస్ కొంత నయం. పేరును టెక్స్టుగా కాక రెగ్‌ప్రొసీజర్ రకంగా తీసుకుంటే, లేని ఫంక్షన్‌ను లోపలికే రానివ్వదు. ఒరాకిల్‌లో డీబీఎంఎస్ అసర్ట్‌తో పేరు పరీక్షించుకోవచ్చు. ఎంతమంది పరీక్షిస్తున్నారు?

కోత లెక్కలు పదిలోపు ఉంటే శుభ్రంగా కేస్ రాయండి. ప్రతి ఫంక్షన్ పేరూ కోడ్‌లో ఉంటుంది, కంపైలర్ అన్నిటినీ చూస్తుంది. కొత్త రకం కాయ వస్తే మళ్లీ కంపైల్ చేయాలిగా అంటారు. చేయండి, అయిదు నిమిషాల పని.