పుట్టుమచ్చకు పంతులున్నడు, పార్లరున్నది

తెలుగువాడి ఒంటి మీద పుట్టుమచ్చలకు సర్కారు లెక్క ఒకటుంది: మనిషికి రెండు. తక్కువైతే కుదరదు, ఎక్కువైతే అక్కర్లేదు. పదో తరగతి కాగితాల్లో గుర్తింపు మచ్చలకు గళ్లు రెండే. అందుకని సారు పిల్లవాణ్ని నిలబెట్టి, చొక్కా చేతులు పైకి మడిపించి, దొరికితే దొరికినవి రాసుకుంటారు. దొరక్కపోతే పోయినేడు చింతచెట్టు మీంచి పడ్డ గాటును కూడా 'కుడి మోచేతిపై పుట్టుమచ్చ' అని ఎక్కిస్తారు. అక్కడితో ఆ ఒంటి పరిశీలన ముగిసింది. మళ్లీ చచ్చేదాకా దాన్ని తిప్పి చూసే నాథుడుండడు.

ఉండడంటే పంతులుగారికి కోపం రావచ్చు. పుట్టుమచ్చల శాస్త్రంలో ప్రతి మచ్చకూ ఒక ఫలం రాసిపెట్టి ఉంది. అరికాలిలో ఉంటే దూరప్రయాణమట. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల నుంచి దుబాయి విమానం ఎక్కినవాళ్ల అరికాళ్లన్నీ చూసి రాశారేమో! కానీ ఒక్క మాటలో శాస్త్రకారుణ్ని మెచ్చుకోవాలి. అరికాలు చూడమన్నాడు. చర్మం డాక్టర్లు చెప్పేదీ అదే, ప్రయాణమే వేరు.

మెలనోమా అని నల్లమచ్చలా మొలిచే క్యాన్సర్ ఒకటుంది. నల్లని, చామనఛాయ చర్మాల్లో అది అరుదు. రంగే కొంత అడ్డుపడుతుంది. ఇదొక్కటి పట్టుకొని 'అది తెల్లోళ్ల రోగం' అని తీర్పు చెప్పి లేచిపోయాం. అరుదంటే రాదని కాదు. తెల్లవాళ్లకు ఎక్కువగా ఎండ తగిలిన చోట వచ్చేది, మనకు ఎండ మొహమే చూడని అరికాల్లో, అరచేతిలో, గోరు కింద వస్తుంది. కుర్రాళ్ల టీషర్టుల మీద జడలు వేసుకొని నవ్వే బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది ఇదే. ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1981లో 36 ఏళ్లకే పోయాడు. టీషర్టు మీద తలకాయ ఒక్కటే అచ్చేస్తారు గనక కాలి సంగతి మనదాకా రాలేదు.

ఆదిలాబాద్ పత్తి చేలో అరికాలికి నల్లమచ్చ లేస్తే దాని కథ ఇట్లా నడుస్తుంది. మొదట అది ముల్లు. పిన్నీసుతో తోడతారు. ముల్లు రాలేదు గనక ఆనెకాయ. బ్లేడుతో చెక్కుతారు. మళ్లీ లేచింది గనక జీడిగింజతో వాత. వాత పుండైంది గనక ఆర్‌ఎంపీ సారు సూది. కొన్నాళ్లకు గజ్జల్లో బిళ్ల కడుతుంది. "కాలికి పుండైతే బిళ్ల కట్టదా మల్ల?" అని దానికీ జవాబు సిద్ధం. ఇన్ని దవాఖానలు దాటి రిమ్స్ గడప తొక్కేసరికి, అక్కడి నుంచి ఇంకో మూడు వందల కిలోమీటర్లవతల హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఎదురుచూస్తుంటుంది. శాస్త్రం చెప్పిన దూరప్రయాణం ఫలించింది!

పట్నంలో మనం ఇంత మొరటుగా ఉండం. కరీంనగర్‌లో పెళ్లిచూపులకు ముందు పార్లరుకు పోయి, కరెంటు సూదితో మచ్చను అరనిమిషంలో మాడ్పించుకుంటాం. ఇంట్లోనైతే సున్నంలో బట్టలసోడా రంగరించి పెడతాం. రెండింటిలోనూ మచ్చ పోతుంది, అది ఏం మచ్చో చెప్పగలిగిన ముక్కా పోతుంది. శవాన్ని కాల్చేసి పోస్టుమార్టం రిపోర్టు అడిగినట్టు! డాక్టరైతే ముందు చూస్తాడు: రెండు సగాలూ ఒక తీరుగా లేవా, అంచు చెదిరిందా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులున్నాయా, ఆరు మిల్లీమీటర్లు దాటిందా, అన్నిటికన్నా ముఖ్యంగా, ఈమధ్య మారిందా. అనుమానముంటే కోసి, ముక్కను పరీక్షకు పంపుతాడు. పార్లరులో అడిగే ప్రశ్న ఒక్కటే: పెళ్లెప్పుడు?

చర్మం మీద మనకు శ్రద్ధ లేదంటే అబద్ధం. రంగు మీద చాలా ఉంది. 1975లో 'ఫెయిర్ అండ్ లవ్లీ' వచ్చింది. 45 ఏళ్లు తెల్లబరిచీ తెల్లబరిచీ అలసి, 2020లో 'ఫెయిర్' తీసేసి 'గ్లో' తగిలించుకుంది. సన్‌స్క్రీన్ కూడా ఆ అరలోనే కూర్చుంది. కొనేవాళ్లు రోగానికి జడిసి కొనరు, నల్లబడతామని కొంటారు. పత్తి ఏరే ఆడవాళ్లు మాత్రం చీర మీద మగని పాత ఫుల్‌చేతుల అంగీ తొడిగి, తలకు తువ్వాల చుట్టి చేలోకి దిగుతారు. ఏ క్రీమూ దాని ముందు దిగదుడుపే. కాకపోతే పాత అంగీకి ప్రకటన ఇచ్చే హీరోయిన్ లేదు. పుట్టుకతోనే చర్మంలో రంగు లేని పిల్లలుంటారు. ఎండతో చర్మపు క్యాన్సర్ భయం నిజంగా ఉన్నది వాళ్లకు. ఊరంతా కలిసి ఆ పిల్లవాడికి 'ఇంగ్లీషోడు' అని పేరు పెడుతుంది, ఒక టోపీ పెట్టదు.

ఇక సర్కారు వారి నీడ. మే నెల నడుమ కరీంనగర్‌కు, ఆ తర్వాత కొద్దిరోజులకే ఆదిలాబాద్‌కు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మన నీడ మన కాళ్ల కిందే దూరే రోజులవి. రామగుండం, శ్రీరాంపూర్ ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల్లో దూరడానికి ఆ నీడా చాలదు. దుబాయిలో చట్టం ఉంది: జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయిస్తే కంపెనీకి జరిమానా. మన దగ్గర వేసవి ముదరకముందే, మార్చి 15 నుంచే పిల్లల్ని ఎండ నుంచి కాపాడటానికి ఒంటిపూట బడులు పెడతారు. పొద్దున ఎనిమిదికి లోపలికి పిలిచి, మళ్లీ వదిలేది ఎప్పుడు? 12:30కి! షేకు తండ్రిని నీడకు పిలిచే గంటకే సర్కారు కొడుకును ఎండలోకి తోలుతుంది. ఆస్ట్రేలియాలో చాలా బడుల్లో టోపీ లేనిదే ఆటకు పోనివ్వరు. మన బడిసంచిలో టోపీకి తప్ప అన్నిటికీ చోటుంది.

అయ్యా విద్యాశాఖ వారూ, ఆ గంట మార్చండి. లేదా ఎండ వాలేదాకా పిల్లల్ని బడి నీడలోనే ఉంచండి. చదివే వారికి ఒక విన్నపం: ఇవాళ కాళ్లు కడుక్కునేటప్పుడు అరికాలు తిప్పి చూడండి, అమ్మానాన్నలవీ చూడండి. కొత్తగా లేచిన, మారుతున్న నల్లమచ్చ ఉంటే పిన్నీసు ముట్టుకోకుండా చర్మం డాక్టరుకు చూపించండి. డాక్టరు మచ్చ తీస్తే ముక్క పరీక్ష రిపోర్టు అడిగి తీసుకోండి. రిపోర్టు ఎందుకనే చోట మచ్చ తీయించుకోకండి.